మడవని కుర్చీ

కిందటి వారం చిన్నకోడలిని హాలు గుమ్మం దగ్గర వదిలి వచ్చాం. "ఈసారి కుర్చీ మాటకి నువ్వూ కూర్చోవాలమ్మా" అని లోపలి నుంచి మామగారు పిలిచారు. ఆమె మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకుని గడప దాటింది.

ఆ గడప దాటడం ఆమెకి తేలిక కాదు. ఏడాది కిందట ఇదే హాల్లో, ఒక కంపెనీ వార్షికోత్సవం అయిపోయిన సాయంత్రం, లైట్లు విప్పుతూ ఆమె భర్త నిచ్చెన మీద నుంచి పడి చనిపోయాడు. ఇంటిల్లిపాదికీ అదే వృత్తి. ఎవరు ఏ సభ పెట్టుకున్నా వేదిక, కుర్చీలు, తెరలు, మైకు, లైట్లు వీళ్లే అమర్చాలి, వీళ్లే విప్పాలి. నిచ్చెన విషయంలో వీళ్లకి ఒక కట్టుబాటు ఉంది. కింద ఉన్నవాడు రెండు చేతులా పట్టుకుని, వినబడేలా "పట్టుకున్నా" అనాలి. ఆ మాట వినకుండా ఎక్కేవాడు మొదటి మెట్టు మీద కాలు పెట్టకూడదు. ఆ రోజు తన చిన్నకొడుకు ఆ మాట కోసం ఆగలేదని, తొందరపడి ఒక్కడే ఎక్కేశాడని మామగారు అందరికీ చెప్పారు. కన్నతండ్రే అలా చెప్పాక ఇంకెవరు ఏం అడుగుతారు?

కానీ మొన్న బడి నుంచి వచ్చిన పాప, భుజాన సంచి అయినా దించకుండా అడిగింది.

"అమ్మా, నాన్న ఎవరి మాటా వినేవాడు కాదా?"

ఆ ప్రశ్నకి జవాబు దొరక్కుండా ఈ హాల్లోంచి బయటికి రాకూడదని ఆమె అనుకుంది.

*

కుర్చీ మాట అంటే కొత్తవాళ్లకి చెప్పాలి. అది మామగారు పెట్టిన పద్ధతి. సభ జరిగిన మర్నాడు పొద్దున్న, ఏదీ విప్పకముందు, ఇంట్లోవాళ్లందరూ అతిథుల కుర్చీల్లో కూర్చోవాలి. నిన్న ఆ కుర్చీలో ఉన్న మనిషి తానే అయినట్టు, "నేను" అంటూ మాట్లాడాలి. ఏం కనిపించింది, ఏం వినిపించలేదు, ఎక్కడ కష్టపడ్డాను, ఇవన్నీ చెప్పాలి. మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు. చెప్పడం అయ్యాక లేచి ఆ కుర్చీ మడిచి గోడకి ఆనించాలి. కాగితం మీద రాసుకోవడం ఉండదు.

"చప్పట్లు కొట్టి అందరూ వెళ్లిపోతే సభ అయిపోయినట్టు కాదు. వచ్చినవాళ్ల కష్టం మన నోటితో మనం చెప్పుకున్నాకే అయిపోయినట్టు" అంటారాయన.

పెళ్లయిన కొత్తలో చిన్నకోడలికి ఇది పిల్లల ఆటలా అనిపించేది. తర్వాత తర్వాత దీనిలో ఉన్న మంచి తెలిసింది. ఇంకొకరి కుర్చీలో కూర్చుని "నేను" అన్నప్పుడు మనిషికి గర్వం కొంచెం తగ్గుతుంది. పూజలో కూర్చున్నా తగ్గని గర్వం ఇక్కడ ఎలా తగ్గుతుందో ఆమెకి అర్థమయ్యేది కాదు.

భర్త పోయిన ఆ వార్షికోత్సవానికి మాత్రం కుర్చీ మాట జరగలేదు. జరిగే పరిస్థితీ కాదు. ఆ తర్వాత కూడా ఎవరూ దాని ఊసెత్తలేదు. మామగారి లెక్కన చూస్తే, ఆ సభ ఇంకా ముగియనే లేదు.

నిన్న జరిగింది రిటైరైన ఒక హెడ్‌మిస్ట్రెస్ గారి వీడ్కోలు సభ. ఎత్తయిన కిటికీల్లోంచి పొద్దుటి ఎండ పడుతోంది. వేదిక వెనక తెల్ల తెరలు కదలకుండా వేలాడుతున్నాయి. నేలమీద నలిగిన పూలు, కాగితం కప్పులు. పది మంది మనుషుల కంటే ఖాళీ కుర్చీలే ఎక్కువ చూస్తాయేమో అనిపించేటంత నిశ్శబ్దం.

ముందుగా మైకు బాబాయి లేచాడు. మామగారి తమ్ముడు. మైకులన్నీ ఆయన చూసుకుంటాడు కానీ ఆయన గొంతుకి మైకు అక్కర్లేదు. రెండో వరస చివరి కుర్చీలో ధబీమని కూలబడ్డాడు.

"నేను లావుపాటి పెద్దమనిషిని. ఈ కుర్చీ నాకు చాల్లేదు. ఒక కాలు నడవలో పెట్టుకున్నాను. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ దాన్ని మెట్టనుకున్నారు. పైగా ఆ ఉపన్యాసం ఇచ్చినాయన మూడుసార్లు 'ముగిస్తున్నాను' అన్నాడు. వెర్రిబాగులవాణ్ణి, మూడుసార్లూ నమ్మాను."

"బాబాయ్, పనికొచ్చేది చెప్పు" అన్నాడు బావగారు, నవ్వు ఆపుకుంటూ. ఇంటికి పెద్దకొడుకు, పని పంపకాలన్నీ అతనివే.

"ఇదే పనికొచ్చేదిరా పెద్దోడా. ఈసారి నడవ వెడల్పు పెంచు. నా కాలికి పుణ్యం ఉంటుంది."

తోడికోడలు తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. చిన్నకోడలు ఆమెని అక్కా అని పిలుస్తుంది. సొంత అక్క కూడా అంత చూసుకోదు. ఈ ఏడాదంతా పాప జడలు వేసింది ఆమే.

"నేను చంటిపిల్ల తల్లిని. ఏడిస్తే బయటికి పోవచ్చని తలుపు దగ్గర కూర్చున్నాను. పిల్ల కునుకు తీసినప్పుడల్లా ఎవరికో ఒకరికి బయట పనిబడింది. ఆ తలుపు ఒక్కటీ ధడేల్మనకుండా ఉంటే నిన్న నా అంత సుఖపడ్డ మనిషి ఉండేది కాదు."

"తలుపుకి గుడ్డ చుట్టాలి" అన్నారు మామగారు, దగ్గుతూ.

బావగారు వేదిక మీద పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. "నేను హెడ్‌మిస్ట్రెస్‌ని. సూటిగా నా కళ్లలో లైటు కొట్టింది. కళ్ల నీళ్లు పెట్టుకున్నానని అందరూ చప్పట్లు కొట్టారు."

"మరి పెట్టుకోలేదా?" అంది తోడికోడలు.

"పెట్టుకున్నాను. ముందు మాత్రం లైటు వల్లే."

అందరూ నవ్వారు. చిన్నకోడలికి కూడా నవ్వు వచ్చింది. వెంటనే, ఈ హాల్లో తను నవ్వడమేమిటని ఆపుకుంది. లైట్ల పని ఆమె భర్తది. అతనుంటే లైటు ఎవరి కళ్లలోనూ కొట్టేది కాదు.

ఒక్కొక్కరూ తమ కుర్చీ మడిచారు. తర్వాత మిగతా వరసలన్నీ ఇనప చప్పుడుతో మడతపడిపోయాయి. హాలు ఖాళీ అయ్యింది.

అప్పుడు కనిపించింది. కుడివైపు గోడవారన, స్తంభం పక్కన, ఒక కుర్చీ ఇంకా తెరిచే ఉంది. అది ఏ వరసలోదీ కాదు. వేదికకి కాకుండా, పైన లైట్లు తగిలించే ఇనప కమ్మీకి ఎదురుగా తిరిగి ఉంది. ఆ కమ్మీ కిందనే పోయిన ఏడాది నిచ్చెన వేశారు.

"ఎవరు వేశారది?" అన్నారు మామగారు.

తాము కాదన్నట్టు అందరూ తలలు అడ్డంగా ఊపారు. బావగారు వెళ్లి దాని మీద చెయ్యి వేశాడు, మడిచేద్దామని.

"ఆగు" అన్నారు మామగారు. ఆయనకి ఇష్టం లేని మాట ఆయన నోటే వస్తున్నట్టు, ఒక్కో ముక్కా ఆగి ఆగి వచ్చింది. "మాట చెప్పని కుర్చీ... మడవకూడదు."

"దానికేం భాగ్యం, నేను చెప్తాను" అంటూ మైకు బాబాయి వెళ్లి కూర్చున్నాడు. కాలు మీద కాలు వేసుకుని మూతి తిప్పాడు. "నేను అలిగిన మేనత్తని. నన్నెవరూ పలకరించలేదు. అందుకే మొహం గోడకి..."

అక్కడ ఆగిపోయాడు. ఏదో కొత్త వేళాకోళం వెతుక్కుంటున్నాడని అందరూ అనుకున్నారు. వేసిన కాలు దించాడు. రెండు మోకాళ్లూ దగ్గరగా పెట్టుకున్నాడు. ఒళ్లో ఏదో చేతిసంచి ఉన్నట్టు, దాన్ని ఎవరూ లాక్కోకుండా, రెండు చేతులూ దాని మీద వేసి పట్టుకున్నాడు. ఒళ్లో ఏ సంచీ లేదు.

"నా కొడుకు కారు తెస్తానని వెళ్లాడు" అన్నాడు. గొంతు ఆయనదే. కానీ హాలు చివరికి వినబడే గొంతు, ఇప్పుడు పక్కవాళ్లకి మాత్రమే చెప్తున్నట్టుగా ఉంది. "ఇక్కడే కూర్చోమన్నాడు. అందరూ వెళ్లిపోయారు. నీలం తెరలు కూడా తీసేస్తున్నారు."

చిన్నకోడలు వేదిక వైపు చూసింది. తెల్ల తెరలు. నీలం తెరలు కట్టింది పోయిన ఏడాది, వార్షికోత్సవానికి. అవి కట్టిన రోజున మైకు బాబాయి ఇక్కడ లేడు. కళ్ల ఆపరేషన్ చేయించుకుని వేరే ఊళ్లో కూతురింట్లో కట్టు కట్టుకుని ఉన్నాడు.

"బాబాయ్, నిన్న తెల్ల తెరలు. వేళాకోళం చాలించు" అన్నాడు బావగారు.

"అడ్డు రాకండి బావగారూ" అంది చిన్నకోడలు.

ఆమె అతని ముందు అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. బావగారు తెల్లబోయి చూశాడు.

మైకు బాబాయి వాళ్ల వైపు చూడనే లేదు. ఖాళీ నేల మీద, కమ్మీ కింద, ఒకచోట చూపు నిలిపాడు.

"పెద్ద లైట్లు ఆర్పేశారు. ఒక్క బల్బు ఉంచారు. ఒక అబ్బాయి నిచ్చెన తెచ్చి వేశాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకున్నాడు. నన్ను చూసి 'ఇంకా ఎవరూ రాలేదామ్మా? మంచినీళ్లు ఇవ్వనా?' అన్నాడు. ఇమ్మంటే తెచ్చి ఇచ్చాడు. చల్లని పిల్లాడు."

తోడికోడలు వచ్చి చిన్నకోడలి చెయ్యి పట్టుకుంది.

"తర్వాత నిచ్చెన దగ్గర నిలబడ్డాడు. ఎక్కలేదు. ఊరికే నిలబడ్డాడు. ఎందుకు ఎక్కడం లేదో నాకు అర్థం కాలేదు. అంతలో ఒక పెద్దాయన దగ్గుకుంటూ వచ్చాడు. రెండు చేతులా నిచ్చెన పట్టుకుని 'పట్టుకున్నా' అన్నాడు. అప్పుడు ఎక్కాడు అబ్బాయి."

బావగారు ఒక్క అంగలో వచ్చి బాబాయి భుజం పట్టుకుని కుదిపాడు. "చాలు! లే బాబాయ్, లే!"

మైకు బాబాయి ఉలిక్కిపడి లేచాడు. అందరి మొహాలూ ఒకసారి చూశాడు.

"ఏమైందిరా? ఏమన్నాను?"

"నీకు తెలీదా?" అన్నాడు బావగారు కోపంగా.

"తెలీకేం, అన్నదంతా గుర్తుంది. నోటికొచ్చింది అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం..." ఆయన తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "ఒట్టు, నాకెవరూ ఏమీ చెప్పలేదు."

ఆ కుర్చీ ఎవరూ మడవలేదు.

*

పోయినవాళ్లు వచ్చి మాట్లాడతారా? చిన్నకోడలు అలాంటివి నమ్మే మనిషి కాదు. దేవుణ్ణి నమ్మేవాళ్లు దయ్యాల్ని కూడా నమ్మాలా అని ఆమే ఒకసారి భర్తని అడిగింది. ఆ మాటకొస్తే, నీళ్లు తాగిన ఆ ముసలావిడ పోయిందని మాత్రం ఎవరు చెప్పారు? ఎక్కడో ఉండి ఉంటుంది. చూసిన కళ్లు ఎక్కడున్నా, చూసినది ఇక్కడే ఉండిపోయిందేమో. అడిగేవాళ్లు లేక ఇన్నాళ్లూ ఆ గోడవారన కాచుక్కూర్చుందేమో.

ఇవన్నీ ఆమెకి తర్వాత వచ్చిన ఆలోచనలు. అప్పుడు మాత్రం ఆమె మనసులో ఒకటే ఉంది. ఆయన ఆగారు. మాట కోసం ఆగారు. వినే ఎక్కారు.

ఈ ఇంట్లో నిచ్చెన పట్టుకునే పెద్దాయన, దగ్గు ఉన్న పెద్దాయన, ఒక్కరే.

ఆమె వెళ్లి మామగారి ఎదురుగా నిలబడింది.

"మామయ్యా, పట్టుకున్నది మీరేనా?"

"ఏం మాటలవి?" బావగారు మధ్యలోకి వచ్చాడు. "బాబాయి ఏదో వాగితే దాన్ని పట్టుకుని నాన్నని అడుగుతావా? పోయినవాడు ఎలాగూ రాడు. ఉన్నవాళ్లనైనా బతకనివ్వవా?"

"మీకు ముందే తెలుసు కదా బావగారూ."

అతను చటుక్కున తండ్రి వైపు చూశాడు. ఆమె ఊరికే అన్న మాట అది. కానీ అతని మొహం చూశాక ఊరికే కాదని తెలిసింది.

"నిచ్చెన దగ్గర ఉండాల్సిన నాన్న ఆఫీసు గదిలోకి వెళ్తుంటే చూశాను" అన్నాడు చివరికి, తలవంచుకుని. "వెళ్లిన మరుక్షణం చప్పుడైంది. ఎవరితోనూ చెప్పలేదు. ఆయన వయసు చూడు. ఈ సంగతి బయటికొస్తే ఆయన బతుకుతాడా?"

"నా కూతురు బతకాలి కదా!" ఆమె గొంతు హాలంతా మోగింది. "బళ్లో పిల్లలు దాన్ని ఏమంటున్నారో తెలుసా? మీ నాన్న అజాగ్రత్త మనిషట కదా అంటున్నారు. కట్టుబాటు తప్పింది మీరు. మాట పడింది ఆయన. మామయ్యా, కన్నకొడుకు మీద ఎలా వేశారు? చేతులెలా వదిలారు?"

మామగారు చేతికర్ర పక్కన పెట్టారు. నెమ్మదిగా నడిచి వెళ్లి, గోడవారన ఉన్న ఆ కుర్చీలో కూర్చున్నారు. అందులో కూర్చున్నాక ఇక అడ్డు రావడానికి ఎవరికీ హక్కు లేదు.

"నేను తండ్రిని" అన్నారు. "నిచ్చెన పట్టుకున్నది నేనే. వాడు ఆగాడు. నా మాట వినే ఎక్కాడు. వాడి తప్పు ఆవగింజంత కూడా లేదు."

చిన్నకోడలికి కళ్లు మసకలు కమ్మాయి. ఏడాదిగా ఎదురుచూసిన మాట. ఇది పాపకి చెప్పొచ్చు. ఈ పూటే చెప్పొచ్చు. నాన్న మాట విన్నాడు తల్లీ, విన్నాకే ఎక్కాడు అని. ఆమె మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులూ జోడించింది, ఎవరికో ఆమెకే తెలీదు.

"వదిలింది నేను కాదు" అన్నారు మామగారు.

జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"నేను పైకే చూస్తున్నాను, వాడి కాళ్ల వైపు. ఒక చెయ్యి వచ్చి నా చేతి పక్కన నిచ్చెన పట్టుకుంది. 'నేను పట్టుకున్నా మామయ్యా. ఆఫీసు గదిలో మీకు ఫోనొచ్చింది, వెళ్లండి' అంది. నేను తిరిగి చూడలేదు. తెలిసిన గొంతు, తిరిగి చూడ్డం ఎందుకు? వాడు కూడా పైనుంచి నవ్వాడు. 'నువ్వెప్పుడొచ్చావు?' అన్నాడు. నేను వదిలి వెళ్లాను. గదిలో ఫోను పెట్టేసి ఉంది. అందుకునేలోపే చప్పుడైంది. వచ్చి చూస్తే నిచ్చెన దగ్గర వాడు తప్ప ఎవరూ లేరు."

మైకు బాబాయి గోడకి ఆనుకున్నాడు. "ఎవరన్నయ్యా?" అన్నాడు, దాదాపు వినబడకుండా.

మామగారు చిన్నకోడలి వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఏడాదిగా ఆయన తనని చూడకుండా తప్పించుకుంటున్నది అసహ్యంతో అని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. ఇప్పుడు ఆ కళ్లలో ఉన్నది జాలి.

"పిల్లదానికి తల్లి ఒక్కతే మిగిలింది. ఆమెని కూడా పోగొట్టుకుంటామా అనుకున్నాను. చెయ్యి జారిందో, భయపడిందో, ఎందుకు అడగాలి? పోయినవాడి మీద వేస్తే వాడికి కొత్తగా వచ్చే కష్టం లేదు. అందుకే కుర్చీ మాట కూడా పెట్టలేదు. నిన్ను అడగకూడదనే అనుకున్నానమ్మా. ఆ గొంతు నీదే."

"నేనా?" ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "నేను ఇక్కడ లేను మామయ్యా! పాపకి జ్వరం. ఇంట్లో దాని పక్కనే కూర్చుని ఉన్నాను. కబురు వచ్చేదాకా కదల్లేదు. దేవుడి సాక్షిగా చెప్తున్నాను. అక్కా, నువ్వు చెప్పు. నువ్వు కింద వాటాలోనే ఉన్నావు కదా ఆ సాయంత్రం. చెప్పక్కా!"

తోడికోడలు ఒక అడుగు వెనక్కి వేసింది.

"అక్కా?"

"పాపకి మందు వేద్దామని మేడ మీదకి వచ్చాను" అంది తోడికోడలు. కళ్లెత్తలేదు. "తలుపు బార్లా తీసి ఉంది. పాప ఒక్కతే మంచం మీద కూర్చుని ఏడుస్తోంది. అమ్మేదని అడిగితే, నాన్న దగ్గరికి వెళ్లింది అంది. నేనే మందు వేసి, జోకొట్టి కిందికి వచ్చాను. తర్వాత కాసేపటికి ఆ కబురు. అంత దుఃఖంలో ఉన్నదాన్ని, నువ్వెక్కడికెళ్లావు అని ఎలా అడగను చెప్పు? ఇన్నాళ్లూ నేనూ నోరు మూసుకునే ఉన్నాను."

మామగారు కుర్చీలోంచి లేవలేదు.

అక్క అబద్ధం ఆడుతోందా? ఎందుకు ఆడుతుంది? చిన్నకోడలు కళ్లు మూసుకుని ఆ సాయంత్రాన్ని వెతుక్కుంది. పాప నుదుటి మీద తడిగుడ్డ. వేడికి అది వెంటనే ఆరిపోవడం. మళ్లీ గిన్నెలో ముంచి పిండడం. నీళ్లు చల్లగా వేళ్ల మధ్య నుంచి కారడం. అంతవరకు స్పష్టంగా ఉంది. ఆ తర్వాత మేడ మెట్ల మీద మగవాళ్ల అడుగులు, ఎవరో తన పేరు పెట్టి పిలవడం. తను గుమ్మంలో నిలబడి ఉంది. అదీ స్పష్టంగానే ఉంది. ఈ రెంటికీ మధ్య ఏముందో మాత్రం ఎంత తడిమినా చేతికి అందలేదు.

గుమ్మంలో నిలబడిన తనని తాను ఇంకోసారి చూసుకుంది. కబురు చెప్తున్నవాళ్ల మొహాలు చూడలేక ఆ రోజు తల దించుకుంది. దించుకున్నప్పుడు ఏం కనిపించిందో ఇప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో ఎప్పుడూ ఉత్త కాళ్లతో తిరిగే తను, ఆ సాయంత్రం చెప్పులు వేసుకుని ఉంది.